స్టీరింగ్ బాక్స్ జోలికి ముందే పోవద్దు అల్లుడూ

అల్లుడూ,

నీ పాత ప్రీమియర్ పద్మిని కారుది నువ్వు పంపిన వీడియో చూశాను. స్టీరింగ్ చక్రం అటూ ఇటూ అంత ఊగుతున్నా ముందు టైర్లలో కదలిక లేదు. నువ్వేమో "బాక్స్ పోయిందంట మామా, పవర్ స్టీరింగ్ పెట్టిస్తా" అంటున్నావు. ఎవరు చెప్పారు బాక్స్ పోయిందని? కారు కింద పడుకుని చూసి చెప్పారా, సీట్లో కూర్చుని చక్రం ఊపి చెప్పారా?

పద్మినిలో నీ చేతికీ టైరుకీ మధ్య చాలా కీళ్ళున్నాయి. చక్రం కింద ఉండే కడ్డీ, అదే కాలమ్, దాని చివర స్టీరింగ్ బాక్స్, బాక్స్ నుంచి వచ్చే ఆర్మ్, అవతలి పక్క దానికి జోడీగా ఊగే ఐడ్లర్ ఆర్మ్, ఆ రెండింటినీ కలిపే నడిమి రాడ్, అటొకటి ఇటొకటి టై రాడ్లు, వాటి చివర్ల బాల్ జాయింట్లు, ఆఖర్న టైరు పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్ పిన్లు. ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి నీ చేతి దగ్గరికి వచ్చేసరికి రెండు మూడంగుళాలవుతుంది. ఒక అంగుళం దాకా లూజు (ప్లే అంటారు) ఉంటే ఈ రకం పాత బండికి నేను పట్టించుకోను, అంతకు మించితేనే పని.

ముందు జబ్బు ఎక్కడుందో పట్టుకో. ఇంటి ముందర నాపరాళ్ళ మీద బండి పెట్టి, ఇంజన్ ఆపి, టైర్లు నేల మీదే ఉండగా మీ తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి చక్రం మెల్లగా కుడికీ ఎడమకీ ఊపమను. జాకీ ఎత్తొద్దు, బరువు టైర్ల మీద ఉంటేనే లూజు బయటపడుతుంది. నువ్వు కింద దూరి ఒక్కో జాయింట్ మీద వేళ్ళు వేసి పట్టుకో, సగం వేలు రాడ్ మీద, సగం దాన్ని పట్టుకున్న ఆర్మ్ మీద. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలిందంటే ఆ టిక్కుమనే దెబ్బ వేలికి తెలిసిపోతుంది. ఐడ్లర్ ఆర్మ్‌ను ప్రత్యేకంగా పైకీ కిందికీ లాగి చూడు, చాలా బళ్ళలో అసలు దొంగ అదే, దాని బుష్‌లు అరిగిన సంగతి ఎవరూ చూడరు.

తర్వాత ముందు భాగం జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కింద దూరావంటే మీ అమ్మకు ఫోన్ చేసి చెబుతా. టైరును పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపు. ఆడుతోందా? తమ్ముణ్ణి బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపు. ఆట ఆగిపోతే వీల్ బేరింగ్, ఇంకా ఆడుతుంటే కింగ్ పిన్. ఈ రెండింటికీ ఖర్చులో బోలెడు తేడా ఉంది, గ్యారేజీలో అడగబోయే ముందు నీకే తెలిసుండాలి.

ఇక ఆ బాక్స్ సంగతి. దాని మీద ఒక అడ్జస్ట్ స్క్రూ, దానికో లాక్ నట్టు ఉంటాయి. లూజు అనగానే ప్రతి ఒక్కరూ పానా తీసుకుని ఆ స్క్రూనే బిగిస్తారు, రెండు నిమిషాల పని, డబ్బులు చేతిలో పడతాయి. కానీ బండి ఎక్కువ సేపు పోయేది తిన్నగానే కదా, లోపలి వార్మ్, అంటే మరలాంటి గేరు, నడిమధ్యలో ఎక్కువ అరుగుతుంది, అంచుల్లో కొత్తగానే ఉంటుంది. నడిమి లూజు పోయేదాకా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. కడప వీధుల్లో నీకది తెలియదు. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిప్పాక చక్రం తనంతట తాను వెనక్కి రాకపోతే, ఎదురుగా లారీ వస్తుంటే తెలుస్తుంది. అందుకే మిగతావన్నీ సరిచేశాకే ఆ స్క్రూ ముట్టుకో, అదీ కొంచెం కొంచెంగా, ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూసి. బాక్స్‌లో 90 నంబరు గేర్ ఆయిలే ఉండాలి. సీల్ కారుతోందని గ్రీజు కూరుతారు కొందరు, అది పక్కలకు తోసుకుపోయి వార్మ్ ఎండిపోతుంది. సీల్ మార్చు.

టై రాడ్ ఎండ్లు, అదే ఆ చివరి బాల్ జాయింట్లు, మార్చేటప్పుడు పాత రాడ్ పొడవు కొలిచి రాసుకో, విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. ఒక కొస కుడి మర, ఇంకో కొస ఎడమ మర, బలవంతం చేస్తే మర పోతుంది. పిన్ ఊడకపోతే మర మీద సుత్తితో బాదొద్దు, పుల్లర్ వాడు. నట్టు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ కొత్తది వెయ్యి, రంధ్రం కలవకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కలుపు, వెనక్కి మాత్రం వదలొద్దు. ఆర్మ్ వంగిందని వేడి పెట్టి తిన్నగా చేస్తామంటే ఒప్పుకోవద్దు.

కింగ్ పిన్లు ఇంట్లో అయ్యే పని కాదు. బుష్ కొట్టాక దాని రంధ్రాన్ని రీమర్ అనే కోత పనిముట్టుతో గీకి పిన్నుకు సరిపెట్టాలి, బుష్‌లోని గ్రీజు రంధ్రం బయటి రంధ్రానికి ఎదురుగా రావాలి, లేకపోతే ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. చేతి పని తెలిసిన పాత లేత్ మేస్త్రీని వెతుక్కో. ఆ తర్వాత గ్రీజు గన్ ఒకటి ఇంట్లో పెట్టుకో, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టు. ఎర్రగుంట్ల రోడ్డు దుమ్ములో తిరిగే బండి ఇది, సర్వీసింగ్ దాకా ఆగొద్దు.

పవర్ స్టీరింగ్ మాట. చిన్న కార్ల ఎలక్ట్రిక్ కాలమ్ తెచ్చి, షాఫ్ట్ కోసి, వెల్డింగ్ పెట్టి బిగిస్తున్నారు. నాకు ఇష్టం లేదు. మోటారు లూజును పోగొట్టదు, నీ చేతికి తెలియకుండా దాస్తుంది, అరిగిన కీళ్ళను ఇంకా గట్టిగా తోస్తుంది. ఆ వెల్డింగ్ ఒక్కసారి విరిగితే చక్రం చేతికొస్తుంది. పైగా కంపెనీ ఇచ్చినదాన్ని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, నీది అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోవాల్సిన బండి, ఆర్టీవో ముందు ఎందుకీ తలనొప్పి? బరువుగా ఉందంటే ముందు గాలి చూడు, 5.20-14 టైరుకు బదులు వెడల్పాటిది వేశావేమో చూడు.

సామాన్లకు చెన్నై పుదుపేట పో. బొంబాయిలో పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్ళూ స్పేర్లకు గిరాకీ ఉండేది, 2023 అక్టోబరుతో అవి కూడా రోడ్డు దిగిపోయాయి, ఇక కొత్తగా ఎవరు చేసి పెడతారు? మంచి పాత స్టాక్ దొరికితే రెండు సెట్లు కొను. రబ్బరు బూటు వేలితో నొక్కి చూడు, పగుళ్ళుంటే షాపులోనే వదిలేసి రా. పాత ఎండ్ ఒకటి చేతిలో పట్టుకుని పో, మర పక్కన మర పెట్టి చూడకుండా డబ్బులివ్వద్దు. అన్నీ బిగించాక అలైన్‌మెంట్ చేయించు, అంతకు ముందు చేయిస్తే డబ్బు దండగ. వారం తిరిగాక నట్లన్నీ మళ్ళీ ఒకసారి చూసి నాకు ఫోన్ చెయ్.

మామ