చికాగో పాటలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎమ్మెస్ చదవడానికి చికాగో వెళ్తున్నానని, ఆ ఊరి గాయకులు, బ్యాండ్లలో ముందు ఎవరిని వినాలని అడిగారు. చాలామంది ఊరి పేరే పెట్టుకున్న 'చికాగో' బ్యాండ్ పేరు చెప్తారు. 1967లో అక్కడే పుట్టిన మంచి బ్యాండే, కాదనను. కానీ ఆ ఊరి అసలు గొంతు కావాలంటే నా ఓటు బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌కే. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది నల్లజాతివాళ్ల దిగుల్లోంచి పుట్టిన పాట. పక్కనే నేపర్‌విల్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది.

మడ్డీ మిసిసిపీ పత్తి తోటలో ట్రాక్టర్ నడిపినవాడు. దక్షిణాదిలో వివక్ష భరించలేక, ఫ్యాక్టరీ పనులు దొరుకుతాయన్న ఆశతో నల్లజాతివాళ్లు లక్షల్లో ఉత్తరానికి వలసపోతున్న రోజుల్లో, 1943లో తనూ రైలెక్కి చికాగో చేరాడు. పల్లెలో వసారాలో కూర్చుని వాయిస్తే మామూలు గిటార్ సరిపోతుంది, ఇక్కడ బార్‌లో తాగి కేకలు పెట్టే జనం మధ్య అది ఎవరికి వినపడాలి? అందుకని ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. తర్వాత అతని బ్యాండ్‌లోకి వచ్చిన లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్‌ని మైక్‌తో కలిపి గుప్పిట్లో పట్టుకుని ఊదితే, అంత చిన్న వాయిద్యం శాక్సోఫోన్ అంత బరువుగా మోగేది.

ఒక పని చేయండి. 1941లో ఆ తోటలోనే రికార్డు చేసిన 'ఐ బీజ్ ట్రబుల్డ్' విని, వెంటనే 1948లో చికాగోలో చేసిన 'ఐ కాన్ట్ బీ శాటిస్‌ఫైడ్' పెట్టండి. నిజానికి రెండూ ఒకే పాట. మధ్యలో జరిగిందంతా ఆ రెండింటి తేడాలో వినిపిస్తుంది, ఇక నేను వ్యాసం రాయక్కర్లేదు.

ఆ తర్వాత హౌలిన్ వుల్ఫ్, విల్లీ డిక్సన్, వీళ్లూ బ్లూస్ వాళ్లే. వీళ్లందరూ పనిచేసిన చెస్ రికార్డ్స్ అనే రికార్డింగ్ కంపెనీ పాత భవనం 2120 సౌత్ మిషిగన్ అవెన్యూలో ఇప్పటికీ ఉంది. మడ్డీ పాట నుంచే పేరు తీసుకున్న బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ 1964లో వెతుక్కుంటూ వచ్చి అక్కడే రికార్డింగ్ చేశారు. బయటినుంచి చూస్తే ఇంతేనా అనిపించే మామూలు బిల్డింగు! 'ఎర్త్, విండ్ అండ్ ఫైర్' బ్యాండ్ పెట్టిన మారిస్ వైట్ కూడా అంతకుముందు చెస్‌లో డ్రమ్స్ వాయించినవాడే.

బ్లూస్ మీకు నీరసంగా అనిపిస్తే హౌస్ మ్యూజిక్ అనే డాన్స్ సంగీతం వినండి, అదీ ఈ ఊరిదే. 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ అనే డీజే దాన్ని నిలబెట్టాడు. మన పెళ్లి సంగీత్‌లలో డీజేలు ఆపకుండా కొట్టే ఆ దరువుకి మూలాలు చాలావరకు అక్కడే ఉన్నాయి. నాకు మాత్రం అరగంటకే తలనొప్పి వస్తుంది, అది వేరే సంగతి.

లైవ్‌లో వినాలంటే డౌన్‌టౌన్‌లో బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై నడిపే 'లెజెండ్స్' క్లబ్బుకి వెళ్లండి. వీకెండ్ కన్నా మామూలు రోజుల్లోనే మేలు, గిటారిస్టు చేతివేళ్లు కనపడేంత దగ్గర కూర్చోవచ్చు. ఐడీ అడుగుతారు, మర్చిపోవద్దు. డబ్బులు చూసుకోవాల్సిన స్టూడెంట్లకైతే జూన్‌లో జరిగే బ్లూస్ ఫెస్టివల్ ఉంది, మిలీనియం పార్కులో, ఉచితం. రూమ్ సబర్బ్స్‌లో తీసుకుంటే మాత్రం చివరి మెట్రా రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి, అర్ధరాత్రి క్యాబ్ ఛార్జీ చూస్తే నిజమైన బ్లూస్ అప్పుడు మొదలవుతుంది.