మామిడి కుల్ఫీలో ఐసు పలుకులు

వారం ఫ్రీజర్‌లో ఉంచిన మామిడి కుల్ఫీ ఐసు నమిలినట్టు ఉందన్నారు కదండీ, గుజ్జులో నీరు మిగిలిపోయి ఉంటుంది. లీటరు చిక్కటి పాలు సగానికి మరగాలి. రెండు కప్పుల బంగినపల్లి గుజ్జును విడిగా, అడుగంటకుండా కలుపుతూ, గరిటెతో గీస్తే గిన్నె అడుగు క్షణంపాటు కనబడేదాకా దగ్గర పడనివ్వండి. రెండూ పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి పాలల్లో మామిడి పులుపు పడితే విరిగిపోతాయి. పంచదార మరీ తగ్గించకండి, రాయిలా గట్టిపడుతుంది. పైగా చల్లదనంలో తీపి తక్కువగా తెలుస్తుంది, కలిపినప్పుడు నాలిక్కి కాస్త ఎక్కువే అనిపించాలి. అచ్చుల్లో పోశాక ప్లాస్టిక్ కాగితాన్ని మిశ్రమానికి అంటుకునేలా పరిచి మూత పెట్టి, ఫ్రీజర్ లోపలి గోడ పక్కన ఉంచండి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టిస్తే పలుకులు ఖాయం.