చూపు తక్కువైన పిల్లాడికి తన నిర్ణయాలు తనే తీసుకోవడం ఎలా అలవాటు చేయాలి?

మీ అబ్బాయి ఎనిమిదో తరగతి, అన్నీ మీరే చూసుకుంటున్నామని రాశారు. నేనైతే పదో తరగతి పరీక్షలను దృష్టిలో పెట్టుకుని ఇప్పుడే మొదలుపెడతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) సదుపాయాల ప్రస్తావన ఉంది. మన దగ్గర తరచుగా దరఖాస్తు నాన్న నింపుతాడు, స్క్రైబ్‌ని టీచర్ వెతుకుతారు, పిల్లాడు నేరుగా హాల్లోకి వెళ్తాడు. కానీ చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ప్రశ్న మళ్ళీ చదవమనడం, స్పెల్లింగ్ తనే చెప్పడం, రాసింది వినిపించమనడం, ఏ ప్రశ్న ముందు రాయాలో తేల్చుకోవడం, ఇవన్నీ యూనిట్ టెస్టుల్లోనే అలవాటైతే అప్పుడు టెన్షన్ ఉండదు.

పేరెంట్స్ మీటింగ్‌కి వాణ్ణి కూడా తీసుకెళ్ళండి. "సార్, బోర్డు మీద రాసేది పైకి చదవండి" అని వాడే అడగాలి, మీరు పక్కనుంటే చాలు. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఆ చట్టంలోనే 4వ సెక్షన్ ఇచ్చింది.

ఇంట్లో చొక్కా ఎంపిక, చేతి ఖర్చు వాడికి వదిలేయండి. డబ్బు ముందే అయిపోతే నెలాఖరు దాకా మళ్ళీ ఇవ్వొద్దు (నానమ్మ చాటుగా ఇవ్వకుండా చూసుకోవడమే కష్టం).