రుతెంకా ఏ దేశపు ఆటగాడు, ఆయన ఆటలో లెఫ్ట్ బ్యాక్‌లు ఏం గమనించాలి?

మీరు అడిగినవి రెండు: హ్యాండ్‌బాల్ ఆటగాడు సియర్హేయ్ రుతెంకా స్లొవేనియా ఆటగాడా, బెలారస్ ఆటగాడా? ఆయన మ్యాచ్‌లు చూసి లెఫ్ట్ బ్యాక్ (దాడిలో ఎడమవైపు నుంచి, దూరం నుంచి షాట్లు కొట్టే ఆటగాడు) ఏం నేర్చుకోవచ్చు?

పుట్టింది మిన్స్క్‌లో, 1981లో. కుర్రతనంలోనే స్లొవేనియా క్లబ్బుల్లో చేరి, అక్కడి పౌరసత్వం తీసుకుని ఆ దేశానికి ఆడాడు. 2006 యూరో టోర్నీలో 51 గోల్స్‌తో టాప్ స్కోరర్ ఆయనే. 2013 ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వచ్చేసరికి బెలారస్ జెర్సీలో ఉన్నాడు. కొత్త దేశపు పౌరసత్వం ఉండి, పాత దేశం తరఫున చివరి అధికారిక మ్యాచ్ ఆడి 3 ఏళ్లు దాటితే హ్యాండ్‌బాల్‌లో జట్టు మారొచ్చు. వీడియోల కోసం సెర్గెయ్, సియర్హేయ్ అని రెండు పేర్లతోనూ వెతకండి.

ఆయన గెలిచిన చాంపియన్స్ లీగ్‌లు (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఆరు: స్లొవేనియా క్లబ్ ట్సెల్యేతో 2004, స్పెయిన్ క్లబ్ సియుదాద్ రియల్‌తో 2006, 2008, 2009, బార్సిలోనాతో 2011, 2015. వీటిలో 2009 ఫైనల్‌ని మించింది లేదు. అప్పట్లో ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా జరిగేది. జర్మనీ జట్టు కీల్ చేతిలో వాళ్ల కోర్టులో 34-39తో ఓడిన సియుదాద్ రియల్, సొంత కోర్టులో 33-27తో గెలిచింది. మొత్తం 67-66. రెండు గంటల ఆట ఒక్క గోల్‌తో తేలింది!

ఇక ఆట సంగతి. ఆయనది కుడిచేయి, ఎత్తు దాదాపు 2 మీటర్లు. ఎత్తు మనం తెచ్చుకోలేం కానీ అడుగుల లయ తెచ్చుకోవచ్చు. చాలామంది బంతి అందాక పరుగు మొదలుపెడతారు, అప్పటికే డిఫెండర్ మీదికి వచ్చేస్తాడు. పరుగులో ఉండగానే అందుకోవాలి. గాల్లో అందుకుంటే నేలమీద పడే మొదటి అడుగు లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఎడమ, కుడి, ఎడమ అని మూడు అడుగులు వేసి, ఎడమ కాలిమీద గాల్లోకి లేవాలి. గోల్‌కి 9 మీటర్ల దూరంలోని గీత దగ్గర లేచేలా పరుగు కాస్త వెనక నుంచే మొదలవ్వాలి.

రెండో తప్పు మోచేయి. అది భుజం కన్నా కిందికి జారితే బంతి నేరుగా అడ్డుకునే డిఫెండర్ చేతుల్లోకి పోతుంది, భుజం కూడా నొప్పెడుతుంది. జారడానికి కారణం చాలాసార్లు పట్టు చాలకపోవడమే. పురుషుల బంతి చుట్టుకొలత 58-60 సెం.మీ., బరువు 425-475 గ్రాములు. చేయి చిన్నదైతే బంతిని కింద నుంచి మోస్తారు, దాంతో మోచేయి దిగిపోతుంది. అలాంటివాళ్లు 54-56 సెం.మీ. బంతితో అలవాటు చేసుకుని తర్వాత పెద్దదానికి మారితే మంచిది.

మొదట 2011 ఫైనల్ చూడండి. రుతెంకా పాత జట్టు సియుదాద్ రియల్ మీదే బార్సిలోనా 27-24తో గెలిచిన మ్యాచ్ అది. బంతిని వదిలేసి ఆయన పాదాలు మాత్రమే చూడండి, పాస్ రాకముందే ఎప్పుడు కదులుతున్నాడో తెలుస్తుంది.