నిద్రమాత్ర డోసు పెరుగుతూనే ఉంది... ఎలుకల్లో జరిగేదే నాలోనూ జరుగుతోందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గాజువాకలో ఉంటాను. షిఫ్ట్ డ్యూటీలతో నిద్ర పట్టక మూడేళ్ల కిందట అల్ప్రాజోలం 0.25 మి.గ్రా. మొదలుపెట్టాను. ఇప్పుడు 1 మి.గ్రా. వేసుకున్నా నిద్ర పట్టడం లేదు. ల్యాబ్ ఎలుకలకూ మత్తు మందులు ఇలాగే అలవాటవుతాయని బీఫార్మసీ చదివే మా అమ్మాయి అంటోంది. నిజమేనా? మాత్ర ఒకేసారి మానేయొచ్చా?

సమాధానం: ముందు రెండో ప్రశ్న సంగతి. ఒకేసారి మానేయకండి. మూడేళ్లు రోజూ వాడిన అల్ప్రాజోలం హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. ల్యాబ్‌లో చిట్టెలుకకు పెంటోబార్బిటాల్ అనే నిద్రమందు ఇచ్చి వెల్లకిలా పడుకోబెడతారు. అది తనంతట తాను బోర్లా తిరిగేదాకా పట్టే సమయాన్ని కొలుస్తారు. కొన్ని రోజులు మందు ఇచ్చాక ఆ సమయం తగ్గిపోతుంది. ఎందుకో తేల్చాలంటే, లేచిన క్షణంలో రక్తంలో మందు ఎంతుందో చూడాలి. మందు తొలిసారి తీసుకున్న ఎలుక లేచే స్థాయిలోనే ఉంటే, కాలేయం మందును త్వరగా విచ్ఛిన్నం చేస్తోందని అర్థం. ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్ మందును విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైములను అలా పెంచుతుంది. రక్తంలో మందు ఇంకా ఎక్కువగా ఉండగానే లేచిందంటే, మారింది మెదడే.

మీ మాత్ర రెండో కోవది. అల్ప్రాజోలం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది. రోజూ అలా జరిగితే గాబా రిసెప్టర్లు (ఆ రసాయనాన్ని అందుకునే చోట్లు) మందుకు స్పందించడం తగ్గిస్తాయి, మెదడును ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనం పక్షం బలపడుతుంది. మందు ఉన్నట్టుండి తీసేస్తే ఆ ఉత్తేజాన్ని ఆపేదేమీ ఉండదు. అలవాటుపడిన జంతువుకు విరుగుడు మందు ఫ్లుమాజెనిల్ ఇస్తే, మందు హఠాత్తుగా మానేసినప్పటి లక్షణాలు కాసేపట్లోనే బయటపడతాయి.

అన్ని ప్రభావాలకూ శరీరం ఒకే వేగంతో అలవాటుపడదు. చాలామంది పట్టించుకోని విషయం ఇదే. తిరిగే కడ్డీపై నడిపించే రోటారాడ్ పరీక్షలో, మీ మాత్ర కోవకే చెందిన డయాజిపామ్ తొలిరోజు ఎలుకను పడేస్తుంది. అదే డోసు రోజూ ఇస్తే కొద్ది రోజుల్లోనే నిలదొక్కుకుంటుంది. ఫిట్స్ ఆపే గుణం తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మనుషుల్లో మందు తెచ్చే మతిమరుపు మాత్రం పెద్దగా తగ్గదు. అంటే డోసు పెంచితే నిద్ర లాభం కొన్నాళ్లే, జ్ఞాపకశక్తికి నష్టం మిగిలిపోతుంది. పెంటోబార్బిటాల్ లాంటి బార్బిట్యురేట్లయితే మరీ ప్రమాదం: నిద్రపుచ్చే డోసు పెరిగినంతగా ప్రాణం తీసే డోసు పెరగదు. మీ మాత్రకు మద్యం తోడైతే శ్వాస ఆగిపోవచ్చు. ఆ దారి అసలే వద్దు.

సాధారణంగా 2-4 వారాలకోసారి, అప్పటి డోసులో 5-10 శాతం చొప్పున తగ్గిస్తారు. 1 మి.గ్రా.లో పది శాతమంటే 0.1 మి.గ్రా. 0.25 బిళ్లను అంత కచ్చితంగా విరవలేం. కాబట్టి ఒంట్లో ఎక్కువసేపు ఉండే డయాజిపామ్‌కు మార్చి డాక్టర్ తగ్గించవచ్చు. ఆ లెక్క మీరు సొంతంగా వేసుకోకండి. నెలలు పడుతుంది. ఎక్కడైనా బాగా ఇబ్బందైతే అదే డోసు మీద ఇంకొన్నాళ్లు ఆగడం మేలు. దీంతోపాటు నిద్రలేమికి సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే కౌన్సెలింగ్) చికిత్స అడగండి. నైట్ షిఫ్ట్ తర్వాత పడుకునే గదిని బాగా చీకటి చేసుకోండి.

చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి గానీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సైకియాట్రీ విభాగానికి గానీ వెళ్లండి. వాడే మందుల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి. కీటోకోనజోల్ లాంటి ఫంగస్ మందులు అల్ప్రాజోలాన్ని ఒంట్లో పేరుకుపోయేలా చేస్తాయి. తగ్గించే రోజుల్లో చేతులు బాగా వణికినా, అయోమయంగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లాలని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.