ఏ గేము ఏ సిస్టమ్‌లో? మేనకోడలికి ఒక ఉత్తరం

తల్లీ,

నీ ఉత్తరం అందింది. చదువుకోసం లినక్స్ వేసుకున్నావు, గేముల కోసం విండోస్‌ను అలాగే ఉంచావు. ఇప్పుడు ఆడాలనిపించిన ప్రతిసారీ తెరిచినవన్నీ మూసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయడం ప్రాణం మీదికి వస్తోందన్నావు. గేములన్నీ లినక్స్‌కు మార్చేయనా, లేక లినక్స్ తీసేసి విండోస్‌లోనే ఉండిపోనా అని అడిగావు. ఆ రెండూ వద్దు. పద్దెనిమిదేళ్లుగా ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకుని ఆడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. ఏ సిస్టమ్ గొప్పదన్న ఆలోచన పక్కన పెట్టి, ఒక్కో గేమునూ విడిగా చూడు. అది ఎక్కడ ఉండాలో ఒకసారి తేల్చుకున్నాక దాన్ని అక్కడే ఉంచు.

ముందు ఒక కాగితం మీద నువ్వు నిజంగా ఆడే గేముల పేర్లు రాయి. తగ్గింపు ధరకు వచ్చాయని కొని, తెరవకుండా వదిలేసినవి లెక్కలోకి రావు. గత రెండు నెలల్లో ఆడినవి చాలు. వాటిలో స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో పోటీగా ఆడేవాటి పక్కన ఒక గుర్తు పెట్టు. సగానికి పైగా నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎందుకంటే ఇప్పుడు లినక్స్‌లో గేములకు అడ్డుపడుతున్నది ఎక్కువగా గ్రాఫిక్స్ కాదు, యాంటీ చీట్. మోసపు ప్రోగ్రాములతో ఆడేవారిని పట్టుకోవడానికి కొన్ని యాంటీ చీట్‌లు విండోస్‌ను నడిపే మూలభాగమైన కెర్నెల్‌లోకే దిగి పనిచేస్తాయి. లినక్స్‌లో ఆ కెర్నెల్ ఉండదు, దాన్ని అనుకరించి చూపినా అవి ఒప్పుకోవు. వాలరెంట్ అనే గేములో ఉండే వాన్‌గార్డ్ అలాంటిదే. 2024లో దాన్ని లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ పెట్టారు. అంతవరకు, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ సాయంతో లినక్స్‌లో ఆడుకున్నవారికి దారి మూసుకుపోయింది. ఫోర్ట్‌నైట్‌కూ లినక్స్‌లో చోటు లేదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండూ 2021 నుంచి, విండోస్ గేములను లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌తో పనిచేయగలవు, కానీ ఆ వెసులుబాటు ఇవ్వాలో వద్దో గేము తయారుచేసినవారి ఇష్టం. ఇచ్చినవారు వెనక్కి తీసుకోనూ వచ్చు. ఏపెక్స్ లెజెండ్స్ రెండేళ్లకు పైగా లినక్స్‌లో చక్కగా నడిచింది, 2024 అక్టోబరు చివర్లో ఆపేశారు. అందుకే నువ్వు గుర్తు పెట్టిన గేముల్లో ఒక్కటి ఇలాంటిదైనా విండోస్‌ను తీసేయకు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లాంటివైతే నేరుగా లినక్స్‌కే వచ్చాయి, వాటికి ఈ బాధ లేదు.

నడవని గేమును వర్చువల్ మెషీన్‌లోనో మరో అడ్డదారిలోనో నడిపించే ఉపాయాలు ఎవరైనా చెబితే వినకు. యాంటీ చీట్ దాన్ని మోసంగానే చూడవచ్చు. ఏళ్లతరబడి పెంచుకున్న ఖాతా ఒక్క సాయంత్రం కోసం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒంటరిగా ఆడే గేముల సంగతి పూర్తిగా వేరు. అవి నీకు లినక్స్‌లోనే ఉండాలి, ఎందుకంటే నువ్వు ఎప్పుడూ ఉండేది అక్కడే. 1993లో మొదలైన వైన్ మీద వాల్వ్ సంస్థ ప్రోటాన్‌ను కట్టి, 2018 ఆగస్టులో తన గేముల దుకాణం స్టీమ్‌లో చేర్చింది. విండోస్ గేము గ్రాఫిక్స్ కోసం డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడుగుతుంది, ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే లాంటి భాగాలు దాన్ని వల్కన్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తాయి. ఇది వేరే కంప్యూటర్‌ను నటించడం కాదు. గేము కోడ్ నీ ప్రాసెసర్ మీద నేరుగానే నడుస్తుంది, మాట మాత్రమే అనువాదమవుతుంది. అందుకే వేగం పెద్దగా తగ్గదు. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నడిచేది లినక్స్ మీదే కాబట్టి, గేములు తయారుచేసేవారు కూడా ఇప్పుడు దీన్ని పట్టించుకుంటున్నారు.

ప్రతి గేముకూ ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో ఆడినవారు రాసిన అనుభవాలు చూడు. పైన కనిపించే పతకం రంగు చూసి ఆగిపోకు. నీ కార్డు లాంటి కార్డు ఉన్నవారు ఈ మధ్య నెలల్లో ఏమి రాశారో చదువు. ఒక చిన్న సంగతి కూడా తెలుసుకో: కొన్ని గేములకు లినక్స్ కోసమే చేసిన కూర్పు ఉంటుంది, కానీ ఏళ్లుగా దాన్ని ఎవరూ సరిదిద్దక పాతబడి ఉంటుంది. అలాంటప్పుడు స్టీమ్‌లో ఆ గేముకు ప్రోటాన్‌ను ఎంచుకుంటే విండోస్ కూర్పే మెరుగ్గా నడుస్తుంది.

నీ కార్డు ఏమిటో రాయలేదు. ఏఎమ్‌డీ అయితే దాన్ని నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, లినక్స్‌తోనే వస్తుంది, నిశ్చింతగా ఉండవచ్చు. ఎన్విడియా అయితే దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి, డైరెక్ట్‌ఎక్స్ 12 గేములు కొన్ని విండోస్‌లో కంటే నెమ్మదించవచ్చు. అనుమానం ఉన్న గేమును రెండు చోట్లా ఒకే సన్నివేశంలో, ఒకే సెట్టింగులతో నడిపి కళ్లతో చూడు. ఆటలో తేడా తెలియకపోతే లినక్స్‌లోనే ఉంచు. అంకెల్లో మాత్రమే కనిపించే తేడా కోసం రీస్టార్ట్ చేయడం దండగ. మైక్రోసాఫ్ట్ చందా సేవ గేమ్ పాస్‌లో డౌన్‌లోడ్ చేసుకునేవి, రేసింగ్ చక్రం లాంటి ప్రత్యేక పరికరంతో ఆడేవి ఉంటే వాటిని విండోస్‌లోనే ఉండనీ. ఎపిక్, జీవోజీ దుకాణాల్లో కొన్నవాటికి లినక్స్‌లో హీరోయిక్ అనే లాంచర్ ఉంది.

ఇక డిస్కు. దీని గురించే ఎక్కువ చెప్పాలనుంది, నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. ఒక్కో గేము వంద జీబీ దాటుతుంటే, రెండు సిస్టమ్‌లకూ ఒకే లైబ్రరీ పెడదామని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది. డిస్కులో విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి భాగంలో గేములన్నీ పెట్టి రెండు వైపుల నుంచీ ఆడాను. కొన్ని రోజులు బాగానే సాగింది. తరువాత ఒకరోజు లినక్స్‌లో ఏ గేమూ సేవ్ కాలేదు, ఆ డిస్కులో చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా పోయింది. కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి డిస్కును తన పట్టులోనే ఉంచుకుంటుంది. ఈ రోజే దాన్ని ఆఫ్ చెయ్యి. అది ఆఫ్ చేసినా ఇంకో చిక్కు ఉంది. ప్రోటాన్ ఒక్కో గేముకూ తయారుచేసే ఫోల్డర్‌లో పేరులో కోలన్ (:) ఉన్న లింకులు ఉంటాయి, విండోస్ అలాంటి పేర్లను ఒప్పుకోదు. అందుకే లినక్స్ గేములు లినక్స్ భాగంలో, విండోస్ గేములు విండోస్ భాగంలో ఉండాలి. ఏ గేమునూ రెండు చోట్లా ఉంచకు.

సేవ్ ఫైళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చూడు. అన్ని గేములూ సేవ్‌లను క్లౌడ్‌లో దాచవు. ఒకసారి నలభై గంటలు ఆడిన గేము క్లౌడ్‌లో ఉందనుకుని లినక్స్ భాగాన్ని చెరిపి కొత్తది వేశాను. క్లౌడ్‌లో ఏమీ లేదు. మళ్లీ మొదటినుంచి ఆడటానికి మనసు రాలేదు, ఆ కథ చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. గేము చోటు మార్చే ముందు స్టీమ్‌లో ఆ గేము పేజీలో క్లౌడ్ గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే సేవ్ ఫోల్డర్‌ను నువ్వే కాపీ చేసుకో.

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాములనే తెరవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆఫ్ చేసి ఉంటే మళ్లీ ఆన్ చెయ్యి. విండోస్ 11లో వాన్‌గార్డ్ దాన్ని అడుగుతుంది, బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా అడుగుతుంది. ఉబుంటు, ఫెడోరా అనే లినక్స్ రకాలు రెండూ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే తెరుచుకుంటాయి, ఎన్విడియా డ్రైవర్ ఉంటే మాత్రం దాని సంతకాన్ని గుర్తించే కీని ఒకసారి నమోదు చేయాల్సి రావచ్చు. అయితే ఆ సెట్టింగును తాకే ముందే, విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకో. మార్పు తరువాత విండోస్ ఆ కీ అడిగి, నీ దగ్గర అది లేకపోతే డిస్కులోని ఫైళ్లు ఇక తెరుచుకోవు.

విండోస్‌కు వెళ్లినప్పుడల్లా గడియారం తప్పు చూపిస్తే కంగారుపడకు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం పెడుతుంది, విండోస్ దాన్ని స్థానిక సమయమనుకుంటుంది. లినక్స్‌లో ఒక సెట్టింగు మారిస్తే సరిపోతుంది.

స్నేహితులతో ఆడే రోజుకు ముందురోజే విండోస్ తెరిచి అప్‌డేట్లన్నీ కానివ్వు. వారాల తరబడి తెరవకపోతే అందరూ నీకోసం ఎదురుచూస్తున్న సమయంలోనే అవి వరుస కడతాయి. ఆ ఆటలకు మాత్రం రీస్టార్ట్ ఉండటమే నీకు మంచిదని నా అభిప్రాయం. పరీక్షల రోజుల్లో ఒక్క క్లిక్కు దూరంలో లేకుండా ఉంటాయి.

నీ జాబితా, గ్రాఫిక్స్ కార్డు పేరు, రెండు భాగాల్లో ఎంత ఖాళీ ఉందో రాసి పంపు. ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. అంతవరకు ఏదీ చెరపకు.

ఆశీస్సులతో,
మామయ్య