మా అమ్మ జెండా తాడు అడిగిన రోజు

ఇంత కులవివక్ష, ఇంత పేదరికం ఉన్న దేశంలో జాతీయ జెండాను గౌరవించమని అడగడం న్యాయమేనా, పూట గడవనివాడికి ఆ మూడు రంగుల గుడ్డతో పనేమిటి అన్నది ప్రశ్న. గౌరవించాలనే నేనంటాను. అయితే ఈ ప్రశ్న వేసేవారిలోనూ, దీనికి ఆగ్రహంతో జవాబిచ్చేవారిలోనూ చాలామందికి జెండా తాడు పట్టుకోవడానికి ఎవరినైనా అడగవలసిన అవసరం జీవితంలో ఎన్నడూ వచ్చి ఉండదు. మా ఇంట్లో ఆ అవసరం వచ్చింది కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి పంచాయతీలలో ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ స్థానాలు కేటాయించింది. ఆ సవరణకు అనుగుణంగా ఆంధ్రప్రదేశ్‌లో 1994లో కొత్త చట్టం చేసి 1995లో ఎన్నికలు జరిపినప్పుడు, తెనాలి వైపు డెల్టాలో ఉన్న మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. మా ఊళ్లో ఆ పదవిలో ఉన్నవారిని అందరూ ప్రెసిడెంటు గారు అనే పిలుస్తారు. మా అమ్మ వరినాట్లకూ కలుపుతీతకూ వెళ్లే కూలీ. వాడలో చదవడం, సంతకం పెట్టడం వచ్చిన కొద్దిమంది ఆడవాళ్లలో ఒకరు కనుక వాడవాళ్లు ఆమెను నిలబెట్టారు. చెప్పిన చోట సంతకం పెట్టి ఊరుకుంటుందిలే అనుకున్న ఊరి పెద్దలు అడ్డుపడలేదు, అమ్మ గెలిచింది.

చుండూరు మాకు ఎంతో దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపి శవాలను కాలువల్లో పడేసి అప్పటికి నాలుగేళ్లే అయింది. మా వాడలో మగవాళ్లు ఊరి వీధిలో గొంతు పెంచి మాట్లాడాలంటే ఇంకా ఒకసారి వెనక్కి చూసుకునే రోజులవి. ఆ ఆగస్టు 14 రాత్రి మా నాన్న ఇంటి దూలానికి పాత తువ్వాలు మడిచి, పలుపుతాడుతో జారుముడి వేసి కట్టాడు. అమ్మ కింద నిలబడి తాడు లాగడం, తువ్వాలు విడిపోవడం, నాన్న మళ్లీ ఎక్కి కట్టడం, ఇలా చాలాసేపు సాగింది. ముడి బిగుసుకుంటే గట్టిగా గుంజకూడదనీ, కొంచెం వదులు చేసి మళ్లీ లాగాలనీ నాన్న చెబుతూ ఉంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న నేను లాంతరు పట్టుకొని నిలబడ్డాను.

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందు సున్నంతో గీతలు గీశారు, బడిపిల్లలు వరుసల్లో నిలబడ్డారు. జెండా మడతల్లో బంతిపూల రేకులు పోసి కర్ర చివరకు ఎక్కించి, కింది తాడును కర్రకు చుట్టి ఉంచారు. వరండాలో పాత ప్రెసిడెంటుకూ, సొసైటీ అధ్యక్షుడికీ, ఎరువుల కొట్టు షావుకారుకూ, హెడ్మాస్టరు గారికీ కుర్చీలు వేశారు. అమ్మకు వేయలేదు. నాట్ల రోజులు కనుక బురదనీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయిన పాదాలకు ఆ పొద్దున పసుపు రాసుకొని వచ్చి, ఆమె మెట్ల కింద నిలబడింది. పంచాయతీ గుమస్తా తాడు విప్పి, ఏటా చేసినట్టుగానే పాత ప్రెసిడెంటు చేతికి ఇవ్వబోయాడు. ఆయన లేచి వచ్చి, "అమ్మాయ్, నువ్వలా పక్కన నిలబడు, ఫొటోలో నువ్వూ పడతావులే" అన్నాడు.

అమ్మ కదలలేదు. "అయ్యగారూ, నామినేషన్ కాగితం మీద సంతకం నేనే పెట్టానండి. గెలిచినట్టు ఇచ్చిన కాగితంలో నా పేరే ఉందండి. ఆ తాడు నాకివ్వండి" అంది. గొంతు పెంచలేదు, చేయి మాత్రం చాచింది. గుమస్తా ఎవరి ముఖం చూడాలో తెలియక నిలబడిపోయినప్పుడు, హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచి, "ప్రెసిడెంటు గారికి ఇవ్వవయ్యా" అన్నారు. ఊరివాళ్లలో ఒకరు అమ్మను ఆ మాటతో పిలవడం నేను వినడం అదే మొదలు. అమ్మ తాడు లాగింది, ముడి జారింది, రేకులు రాలాయి. జనగణమన మొదలుకాకముందే కుర్చీల్లో ఉన్నవారిలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

ఆ తరువాత పెద్ద కామందుల పొలాలకు మా వాడ నుంచి నాట్లకు పిలుపు ఆగిపోయింది. ఆడవాళ్లు పక్క ఊళ్లకు నడిచి వెళ్లి నాట్లు వేసి వచ్చారు. వాడలోనే కొందరు ఒక్క తాడు కోసం మా అందరి నోటికాడి కూడు పోగొట్టావని అమ్మను నిలదీశారు, వాళ్ల మాటలో తప్పు లేదు. అయినా జనవరి 26 వచ్చేసరికి తాడు ఎవరికివ్వాలన్న తర్జనభర్జన జరగలేదు. పదవి ఉన్నన్నాళ్లూ జెండా అమ్మే ఎగరేసింది. కుర్చీ దక్కడానికి మాత్రం పైఅధికారి తనిఖీకి వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అమ్మ ఏ హక్కుతో ఆ తాడు అడగగలిగింది? మా ఊరి గుడి ఆమెకు ఆ హక్కు ఇవ్వలేదు, భూమి ఇవ్వలేదు, కులం అసలే ఇవ్వలేదు. జాతర్లలో, పెళ్లిళ్లలో, చావుల్లో ఎవరు ముందు నిలబడాలో, ఎవరు ఎక్కడ ఆగిపోవాలో తరతరాలుగా తేలిపోయి ఉన్న ఊళ్లో, ఆ వరస చెల్లదని నోరు తెరిచి అనడానికి చోటిచ్చిన వస్తువు ఆ జెండా ఒక్కటే, ఎందుకంటే దాని వెనక ఒక ఓటూ, ఒక చట్టమూ, ఒక రాజ్యాంగమూ ఉన్నాయి. ఇది గుడ్డే కదా, దీనితో పేదవాడికి పనేమిటి అనేవారు ఆ చోటును కూడా మా చేతుల్లోంచి లాగేసుకుంటున్నారని గుర్తించరు. ఆ రోజు పాత ప్రెసిడెంటు అది గుడ్డేనని అనుకొని ఉంటే తాడు కోసం అంత పట్టుపట్టేవాడు కాదు.

అంబేడ్కర్ కూడా ఈ విషయంలో ఒకే చోట నిలబడిపోలేదు. 1931లో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు తనకు మాతృభూమి లేదని ఆయన ముఖం మీదే చెప్పారు. కుక్కల కన్నా పిల్లుల కన్నా హీనంగా చూసే దేశాన్ని తనదని ఎలా అనుకోవాలని అడిగారు. ఆ మాట అన్న మనిషే 1947లో జాతీయ పతాకాన్ని నిర్ణయించడానికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీలో సభ్యుడిగా కూర్చున్నారు. ఆ ఏడు జూలై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించింది, రాట్నం ఉన్న చోటికి సారనాథ్ స్తంభం మీది చక్రం వచ్చింది. 1949 నవంబరులో ఆయనే అదే సభలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి మనం అడుగు పెడుతున్నామని హెచ్చరించారు. అసమానత ఉందని తెలియక ఆయన జెండాను ఒప్పుకోలేదు. అది ఉందని తెలిసే, దాన్ని ప్రశ్నించడానికి నిలబడే చోటు కావాలని ఒప్పుకున్నారని నేను నమ్ముతాను.

తెలంగాణవారికి ఇది ఇంకా బాగా తెలియాలి. దేశమంతా స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టులో నిజాం రాజ్యంలో ఈ జెండా ఎగరేయడం నేరం. ఆ సెప్టెంబరు 2న వరంగల్ ప్రాంతంలోని పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారి మీద కాల్పులు జరిపి చంపారు. ఊళ్లు వదిలి ఊరేగింపుగా నడిచివచ్చిన ఆ జనం అసమానత అంటే ఏమిటో తెలియనివారేమీ కారు.

మరోవైపు, గౌరవించు, గౌరవించు అని ఎదుటివారి మీద పడేవారి సంగతి కూడా చెప్పాలి. గౌరవం గద్దిస్తే పుట్టేది కాదు. కేరళలో తమ మతవిశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా, అయినా మర్యాదగా లేచి నిలబడిన పిల్లలను బడి నుంచి తీసేస్తే, అది తప్పని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అని పక్కవాడిని లెక్కపెట్టే అలవాటు మనకు పోలేదు. ఇక ఎత్తుల పోటీ ఒకటి మొదలైంది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2016లో 291 అడుగుల కర్ర నాటి జెండా ఎక్కించారు. గాలికి అది చిరిగిపోవడం, మార్చడం, మళ్లీ చిరగడం అందరూ చూశారు. ఆ పార్కు పేరు సంజీవయ్య పార్కు. దామోదరం సంజీవయ్య కర్నూలు జిల్లా పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయన. జెండా అడుగుల ఎత్తు గురించి చెప్పుకున్నంతగా అక్కడికి వెళ్లే పిల్లలకు ఆయన ఎవరో ఎందుకు చెప్పరన్నది నాకు తీరని బాధ.

గుడ్డ విషయంలోనూ నాకు కోపమే. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశంలో పింగళి వెంకయ్య గాంధీకి తన జెండా నమూనా ఇచ్చిన నాటి నుంచి, దాని వెనక రాట్నం తిప్పే చేతులు ఉండాలన్న ఆలోచన ఉంది. ఆ వెంకయ్య గారే 1963లో పేదరికంలో కన్నుమూశారు. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి మరమగ్గం మీద నేసినదీ, పాలిస్టరుదీ చెల్లుతుందన్నారు. కర్ణాటకలోని హుబ్బళ్లిలో ప్రమాణాల ప్రకారం ఖాదీ జెండాలు తయారుచేసే కేంద్రం పనివారు, వారిలో చాలామంది ఆడవాళ్లు, తమ కూడు పోతుందని ఆందోళన చేశారు. మరుసటి ఏడాది ఇంటింటా జెండా అన్నారు. ఇంటింటా ఎగరడం నాకు ఇష్టమే, 2004లో సుప్రీంకోర్టు కూడా గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుల హక్కని చెప్పింది. కానీ ఆగస్టు 16న మురుగుకాలువ పక్కన కుప్పపడిన పాలిస్టరు జెండాలను ఏరి సంచుల్లో వేసుకునేది పారిశుధ్య కార్మికులు, అంటే మళ్లీ మావాళ్లే. జెండా గౌరవం గురించి ఉపన్యాసం ఇచ్చేవారు ఆ ఒక్క రోజు చీపురు పట్టుకొని వీధిలోకి రావాలని నేను కోరుకుంటాను.

అందుచేత నా జవాబును విడదీసి చెప్పక తప్పదు. జెండాకు గౌరవం ఇవ్వవలసిన బాకీ ముందుగా దాని నీడలో లాభపడినవారిది. చదువు, ఉద్యోగం, భూమి, కుర్చీ దొరికినవారు ఆ గౌరవాన్ని తాడు వదిలిపెట్టి చూపించాలి. ఏమీ దొరకనివాడు జెండా వైపు చూడకపోతే అతన్ని దేశద్రోహి అనే హక్కు ఎవరికీ లేదు. అయితే అతను జెండాను వదులుకుంటే నష్టపోయేది అతనేనని మా అమ్మను చూసిన నేను గట్టిగా చెప్పగలను.

ఇదంతా ముప్పై ఏళ్ల కిందటి మాట అనుకోవద్దు. 2020 ఆగస్టు 15న తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని జెండా ఎగరేయనివ్వలేదు. వార్త బయటికి వచ్చి, జిల్లా కలెక్టరు స్వయంగా వెళ్లిన తరువాతే ఆమె ఎగరేశారు. మీ ఊళ్లో గానీ, మీ బంధువుల ఊళ్లో గానీ ఇటువంటిది జరిగితే సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పకండి. 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్న ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం సవరణ ప్రకారం, ఆ వర్గాల పంచాయతీ ప్రతినిధులు తమ విధులు నిర్వహించకుండా అడ్డుకోవడం, బెదిరించడం శిక్షార్హమైన నేరం. సెక్షన్ 3(1)(ఎమ్) అని ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి. మా అమ్మ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు ఆ నిబంధన లేదు.